నెవెంక కిటికీ కింద

ఏప్రిల్ 23

పడవలో పడుకుంటే నడుము నొప్పి పోతుందని బెపో అంటాడు. బెపో నా చిన్ననాటి స్నేహితుడు. పడవ వాడిది, నడుము నాది. నాలుగు రోజులైనా నొప్పి పోలేదు గానీ సముద్రపు గాలి మాత్రం బాగుంది. నేను ఇక్కడికి విశ్రాంతి కోసం వచ్చాను. ఆ మాటే వాడికీ చెప్పాను.

"అవునవును, విశ్రాంతికి వచ్చేవాళ్ళంతా చెత్త సంచిలో బట్టలు పెట్టుకునే వస్తార్రా!" అన్నాడు.

దక్షిణం నుంచి యూగో గాలి వీస్తోంది. ఈ తడిగాలి వీచినన్నాళ్ళూ మా స్ప్లిట్ ఊళ్ళో ఎవరి బుర్రా సరిగ్గా పనిచేయదు. పూర్వం ఈ గాలి రోజుల్లో తీర్పులు కూడా చెప్పేవారు కాదంటారు. మా ఆవిడ నెవెంక కోపానికి కారణం ఈ గాలే. అది తగ్గగానే కబురు పెడుతుంది.

ఏప్రిల్ 24

జరిగింది జరిగినట్టు రాసుకుంటే తప్పెవరిదో తేలిపోతుంది.

నేను టూరిస్టు గైడుని. శనివారం రోజంతా టూరు. ఎప్పటిలాగే జనాన్ని మా సందులోకి తీసుకొచ్చాను. పదిహేడు వందల ఏళ్ళ కిందట రోమ్ చక్రవర్తి కట్టించుకున్న కోటలో, ఆ గోడల మధ్యే మా ఇల్లు, మూడో అంతస్తు. మా కిటికీ కింద నీడ ఉంటుంది, గొంతు బాగా పలుకుతుంది. అందుకని అక్కడ ఆగి క్యాబేజీ జోకు చెబుతాను. గద్దె దిగిన చక్రవర్తిని మళ్ళీ రాజ్యం ఏలమని బతిమాలితే, నేను పండించిన క్యాబేజీలు చూశారంటే ఆ మాట అడగరు అన్నాట్ట. ఇది ఎప్పుడు చెప్పినా నవ్వుతారు. అది అయ్యాక మధ్యాహ్నం భోజనం సంగతి ఎత్తుకున్నాను.

"అమ్మా, అయ్యా! ఈ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ పష్టిత్సాద వండుతారు. కానీ నా మాట నమ్మండి, అసలు సిసలైంది మీరివాళ తోమా హోటల్లో తినబోతున్నారు. వెల్లుల్లి గుచ్చిన మాంసాన్ని రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి, వైన్ పోసి, ఎండు ఆల్‌బుఖారా వేసి, పూటంతా సన్నసెగ మీద ఉంచుతారు. నోట్లో పెట్టుకుంటే నమిలే పనే ఉండదు!"

తడి దిండుగలీబు ఒకటి నా నెత్తిన పడింది. గాలికి పడిందనుకున్నాను. సాయంత్రం ఇంటికెళ్తే మెట్ల మీద నల్ల సంచి, అందులో నా బట్టలు, తలుపు లోపల గడియ.

కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం అంటారు. నేను నోరు జారలేదు. భోజనం గురించి చెప్పమని టూరు ఆఫీసు వాళ్ళన్నారు, చెప్పాను. పైగా తోమా వంట నిజంగానే బాగుంటుంది. కాబట్టి తప్పు నాది కాదని తేలింది.

ఏప్రిల్ 25

గాలి ఇంకా వీస్తోంది.

ఏప్రిల్ 27

మళ్ళీ టూరు. మా కిటికీ తెరిచే ఉంది. నేను గుసగుసగా మాట్లాడాను. వెనక ఉన్న ఒక పెద్దాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "కాస్త గట్టిగా చెప్పు నాయనా, డబ్బులిచ్చి వచ్చాం" అన్నాడు. క్యాబేజీ జోకు గుసగుసగా చెబితే పేలదని ఇవాళ తెలిసింది.

చేపల బజారులో ఇంకా అన్యాయం. ఫిలోమేన బల్ల మీద సార్డీన్ చేపలు పేర్చుకుంటూ, మర్యాదగా షోర్ అంటూనే బజారంతా వినేలా అరిచింది.

"ఏం షోర్ స్పిరో! తిండి తోమా హోటల్లోనేనట. పక్క కూడా అక్కడే వేశారా?"

"నీకెందుకే? చేపలమ్ముకో!"

"నాకెందుకుండదూ? పష్టిత్సాదలోకి ఆల్‌బుఖారా ఎన్ని వేయాలో మీ అత్తగారే నాకు చెప్పింది. ఆవిడ స్వర్గంలో కూడా ఉలిక్కిపడి ఉంటుంది!"

కత్తులు పట్టుకున్న వాళ్ళందరూ పని ఆపి నవ్వారు. పెదవి దాటితే పృథివి దాటుతుందన్న మాట అబద్ధం కాదు. మా ఊరు పృథివికంటే చిన్నది, దానికి అరపూట సరిపోయింది.

బెపో మాత్రం దీన్ని ఒక్క ముక్కలో తేల్చేశాడు. "పొరుగింటి పుల్లకూర రుచి అని అందరం అనుకుంటాంరా. నువ్వు మైకు పెట్టినట్టు చెప్పావు."

ఏప్రిల్ 29

ఉత్తరపు గాలి తిరిగింది. ఆకాశం కడిగినట్టుంది, ఎదురుగా బ్రాచ్ ద్వీపంలో ఇళ్ళు కూడా కనిపిస్తున్నాయి. ఊళ్ళో అందరి బుర్రలూ బాగుపడ్డాయి.

కబురు రాలేదు. ఉత్తరపు గాలి కనీసం రెండు రోజులు వీస్తే గానీ దాని గుణం తెలియదు.

ఏప్రిల్ 30

"దూయె పండక్కి ఎక్కడ తింటావు?" అని బెపో అడిగాడు.

మే ఏడు మా ఊరి దేవుడి పండుగ. ఆ రోజు ఇంట్లో కాకుండా వేరేచోట తిన్నది నాకు గుర్తులేదు. పెళ్ళయి పాతికేళ్ళు దాటింది. ప్రతి పండక్కీ ఆ బల్ల దగ్గరే, ఆ కుర్చీలోనే.

"ఇంట్లోనే తింటాను. ఈలోగా సర్దుకుంటుంది" అన్నాను.

"దానంతటదా?"

"మరి!"

వాడు వల బాగుచేసుకుంటూ తల కూడా ఎత్తలేదు. "ఎక్కడ పడ్డావో అక్కడే లేవాలి. అదే కిటికీ కింద నిలబడి, అదే గొంతుతో ఆవిడ వంట మెచ్చుకో" అన్నాడు. పెళ్ళిలేని వాడికి పెళ్ళాల గురించి ఎంత తెలుసో. కానీ సలహా బాగానే ఉన్నట్టుంది.

మే 2

సలహా బాగాలేదు.

మా సందులోకి రాగానే గొంతు సవరించుకుని, చెయ్యి పైకెత్తి కిటికీ చూపించాను. "అమ్మా, అయ్యా! ఈ నగరం మొత్తం మీద గొప్ప పష్టిత్సాద ఎక్కడో తెలుసా? అదిగో, ఆ పచ్చ తలుపుల కిటికీ వెనకాల! దాన్ని వండే చేతులకి చక్రవర్తి కూడా దణ్ణం పెట్టేవాడు!" అన్నాను. జనం చప్పట్లు కొట్టారు. ఒకాయన కిటికీని ఫోటో తీశాడు.

నెవెంక కిటికీలోకి వచ్చింది. నన్ను చూడలేదు, ఫోటో తీసినాయన్ని చూసింది. ఒక పచ్చ తలుపు మూసింది. తర్వాత రెండోది మూసింది. విసురుగా కాదు, మామూలుగా పొద్దుగూకాక మూసినట్టు మూసింది. అలా మూయడం చూస్తేనే నాకు భయం వేసింది.

మే 3

నేను బాగానే ఉన్నాను.

మే 4

నేను బాగా లేను. ఇది నేను తప్ప ఇంకెవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. నెవెంక కావాలి. రెండ్రోజులుగా ఆ కిటికీ తెరవలేదు. పాతికేళ్ళలో నా టూరు రోజున ఆ కిటికీ మూసి ఉండటం ఎప్పుడూ చూడలేదు.

ఆఫీసు నుంచి ఓర్నెల ఫోన్ చేసింది. రేపు జాగ్రెబ్ నుంచి రిటైరైన టీచర్ల గుంపు వస్తోందట, వాళ్ళతో పాటు విడిగా ఒక్క టికెట్ ఉందట. "ఎవరమ్మాయ్?" అంటే, "రేపు చూస్తారుగా షోర్ స్పిరో" అని పెట్టేసింది. పిల్ల గొంతులో నవ్వు వినిపించింది.

మే 6

నిన్న రాయలేదు. వరసగా రాస్తే గానీ జరిగిందని నాకే నమ్మకం కుదిరేట్టు లేదు.

కోట ఉత్తరపు వాకిలి దగ్గర టీచర్లందరూ ముందే వరస కట్టి ఉన్నారు. వాళ్ళ నాయకురాలు ష్టెఫిత్సా టీచరు లెక్కలు చెప్పేదట. నేను ఒక్క నిమిషం ఆలస్యమైనందుకు చేతి గడియారం చూపించింది. ఆవిడ వెనకాల నీలం టోపీ, ఎండ కళ్ళజోడు, చేతిలో టికెట్. నెవెంక.

"నమస్కారం గైడ్ గారూ. ఒక్కదాన్నే వచ్చాను" అంది.

మెల్లిగా, "ఇక్కడేం చేస్తున్నావు? నీకు పని లేదా?" అన్నాను. తను నాటకశాలలో దుస్తులు కుడుతుంది. మే నెలలో వాళ్ళకి ఊపిరి సలపదు.

"సెలవు పెట్టాను. పుట్టింది ఈ ఊళ్ళోనే గానీ నన్నెవరూ తిప్పి చూపించలేదండీ. మీరు బాగా చెబుతారని విన్నాను."

పాతికేళ్ళలో నన్ను మీరు అనడం ఇదే మొదలు. దిండుగలీబే నయం.

టూరు మొదలుపెట్టాను. బిషప్ విగ్రహం కాలి బొటనవేలు రుద్దితే కోరిక తీరుతుందని చెప్పాను. అందరూ రుద్దారు. నెవెంక కూడా వంగి, శ్రద్ధగా రుద్దింది. ఏం కోరుకున్నావని అడిగే ధైర్యం లేకపోయింది. స్తంభాల చౌకులో చక్రవర్తి పడకగది, భోజనశాల, స్నానాల గది ఎక్కడెక్కడ ఉండేవో వేలు పెట్టి చూపిస్తుంటే వెనకనుంచి చెయ్యి లేచింది.

"గైడ్ గారూ, ఆయన భార్య గది ఎక్కడ?"

ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. "ఆవిడ ఇక్కడికి రాలేదండీ. కూతురి దగ్గర ఉండిపోయింది, చాలా దూరంలో" అన్నాను.

"ఆవిడకి రావాలని లేదా, ఆయన పిలవలేదా?"

"అది... చరిత్రలో సరిగ్గా లేదు."

"అంతే. క్యాబేజీల సంగతి మాత్రం అందరూ రాసిపెట్టారు" అంది నెవెంక. టీచర్లు గొల్లున నవ్వారు. క్యాబేజీ జోకు నేనింకా చెప్పనేలేదు. అది ఇలా ఖర్చయిపోయింది.

చేపల బజారులో ఫిలోమేన మమ్మల్ని చూసి చేతిలో చేప వదిలేసింది. "షోరా నెవెంకా! నీ మొగుణ్ణి చూడ్డానికి నువ్వు టికెట్ కొన్నావా?" అని కేక పెట్టింది. ఇక టీచర్లు అటూ ఇటూ చూడటం మానేసి మమ్మల్నే చూశారు. ష్టెఫిత్సా టీచరు నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఈవిడ మీ భార్యా?"

"అవునండీ."

"మరి పొద్దున్నించీ చెప్పరేం?"

"ఆవిడా చెప్పలేదు కదండీ" అన్నాను. నాకు పదేళ్ళ పిల్లాడి గొంతు వచ్చింది.

మా సందులో మూసిన కిటికీ కింద ఆగాను. అలవాటు కొద్దీ కాళ్ళు ఆగిపోయాయి. నెవెంక నా పక్కన నిలబడి, తలెత్తి తన కిటికీని తనే చూసింది. "ఇక్కడ చూడాల్సిందేమిటి గైడ్ గారూ?" అంది. "ఇక్కడ నీడ బాగుంటుంది" అన్నాను. ఇరవైమంది టీచర్లూ పాపం నీడలో కాసేపు ఊరికే నిలబడ్డారు.

మధ్యాహ్నం తోమా హోటలు. తోమా తలుపు దగ్గర నెవెంకని చూసి నాకంటే ఎక్కువ చెమటలు కక్కాడు. ఆవిడ కంచం తానే తెచ్చి పెట్టి, చేతులు తుడుచుకుంటూ అక్కడే నిలబడిపోయాడు. నెవెంక మొదటి ముక్క మెల్లిగా నమిలింది. తర్వాత రెండోది. రొట్టెముక్కతో కంచం శుభ్రంగా తుడుచుకుని తిన్నాక గానీ మాట్లాడలేదు.

"బాగుంది తోమా. లవంగం ఒకటి ఎక్కువైంది. అయినా చాలా బాగుంది."

తోమా కుర్చీలో కూలబడ్డాడు. ష్టెఫిత్సా టీచరు బల్ల మీదికి వంగింది. "మీ వంటకంటే బాగుందా?"

"మా ఇంట్లో ఎలా ఉంటుందో నాకు తెలియదండీ" అంది నెవెంక. "తిన్నవాళ్ళెవరూ ఇంతవరకూ చెప్పలేదు."

నేను నీళ్ళ గ్లాసు తీసుకున్నాను, తాగలేదు.

బాచ్విత్సె ఒడ్డున ఎప్పటిలాగే మోకాలి లోతు నీళ్ళలో బానపొట్టల మగాళ్ళు బంతి కిందపడకుండా ఎగిరి దూకుతున్నారు. టీచర్లు చెప్పులు విప్పి నీళ్ళలోకి దిగారు. ష్టెఫిత్సా టీచరు అయితే బంతి తనకీ వేయమంది. నేనూ నెవెంకా గట్టు మీద మిగిలాం. నేను క్షమాపణ మొదలుపెట్టబోయాను. పడవలో బాగా సాధన చేసుకున్నదే.

"ఆగు" అంది. "కూర గురించయితే వద్దు. తోమా బాగా వండుతాడు, నువ్వు అబద్ధం చెప్పలేదు."

"మరెందుకే ఇంత రాద్ధాంతం?"

"ఆ రోజు ఆ మాంసం గురించి ఎంత బాగా చెప్పావు స్పిరో! వెల్లుల్లి, వైన్, సన్నసెగ... పైన నిలబడి వింటుంటే నాకే నోరూరింది. ఇన్నేళ్ళు నా వంట తిన్నావు. పేపరు అడ్డం పెట్టుకుని 'ఉప్పు అందుకో' తప్ప ఇంకో మాట అన్నావా?"

"నాకు నచ్చబట్టే కదా తిన్నాను!"

"నాకెలా తెలుస్తుంది? ఎవరో దారినపోయే వాళ్ళకి అన్నీ చెబుతావు. మూడంతస్తులు ఎక్కేసరికి నోరు పడిపోతుంది." నీళ్ళలో ఆడుతున్న వాళ్ళని చూస్తూ చెప్పింది. గొంతు పెంచలేదు. "నీ టూరు రోజున నేను పొద్దున్నే పని తెమల్చుకుని కిటికీ తెరుస్తాను. నాటకశాలకి ఆలస్యంగా వెళ్తాను. నీ గొంతు విందామని. ఆ క్యాబేజీ జోకు నాకు వచ్చు. నువ్వు ఎక్కడ ఆగుతావో, జనం ఎక్కడ నవ్వుతారో కూడా వచ్చు. నాకు మాత్రం ఒక్కసారీ చెప్పలేదు."

బట్టలు ఆరేయడానికి కిటికీ తెరుస్తుందనుకున్నాను నేను. ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాను. సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది. ఆ మగాళ్ళలో ఒకడు నన్ను గుర్తుపట్టి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

"అందుకా టికెట్ కొన్నావు?"

"ఒక్క రోజంతా దగ్గర్నుంచి విందామనిపించింది" అంది. "బాగానే చెప్పావు. ఆ భార్య సంగతి తప్ప."

సాయంత్రం రీవా ఒడ్డున, ఈతచెట్ల కింద టూరు ముగిసింది. టీచర్లు ఒక్కొక్కరే వచ్చి చెయ్యి కలిపారు. ష్టెఫిత్సా టీచరు చివర్లో వచ్చి, "పొద్దున పాఠం బాగా చెప్పారు. మధ్యాహ్నం సరిగ్గా చెప్పలేదు. ఇంటికెళ్ళి చదువుకోండి" అని నెవెంక వైపు కళ్ళతో సైగ చేసి వెళ్ళిపోయింది. నేనూ, జనానికి గుర్తుగా ఎత్తి పట్టుకునే నా గొడుగూ, నెవెంకా మిగిలాం.

"ఇంటికి దారి తెలుసా?" అంది.

"తెలుసు."

"అయితే నడువు."

మెట్లెక్కి లోపలికి వెళ్ళాం. పండగ మాంసం బల్ల మీద పెట్టి ఉంది. నెవెంక చేతులు కడుక్కుని కత్తి తీసుకుంది. నేను నా కుర్చీలో కూర్చున్నాను. ఏదో ఒకటి మాట్లాడాలి కదా! గొంతు సవరించుకుని, "ఈ వంటిల్లు పదిహేనో శతాబ్దంలో ఒక వర్తకుడు..." అన్నాను.

"ఆ గొంతు కాదు."

ఆగిపోయాను. ఇంకో గొంతు ఎక్కడుందో తెలియలేదు. తను తొందరపెట్టలేదు. వెల్లుల్లి గడ్డ ఒకటి నా ముందుకి తోసింది. నేను ఒలవడం మొదలుపెట్టాను. రెండు మూడు రెబ్బలు ఒలిచాక నోరు దానంతటదే తెరుచుకుంది.

"పడవలో నాకు భయమేసింది" అన్నాను.

"ఎందుకు? మునుగుతుందనా?"

"కాదు. అలవాటైపోతుందేమోనని."

నెవెంక కత్తి పక్కన పెట్టింది. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. నేను చెప్పడం మొదలుపెట్టాను. బెపో గురక గురించి, ఫిలోమేన అన్న మాటల గురించి, పొద్దున నీలం టోపీ చూడగానే చెప్పాల్సినవన్నీ మరిచిపోయిన సంగతి. తర్వాత, మా నాన్న చనిపోయిన ఏడాది ఇంట్లో నేనెందుకు మూగవాణ్ణయ్యానో కూడా చెప్పాను. అది నాకే తెలియదు, చెబుతుంటే తెలిసింది. మధ్యలో తను రెండుసార్లు నవ్వింది, ఒకసారి ముక్కు తుడుచుకుంది. మాంసానికి వెల్లుల్లి గుచ్చడం పూర్తయ్యేసరికి చాలా ఆలస్యమైంది. దాన్ని ఇద్దరం కలిసి వెనిగర్‌లో వేసి మూత పెట్టాం.

మే 8

నిన్న పండుగ. చాలా జరిగింది. బెపోని కూడా భోజనానికి పిలిచాం. ఇవాళ టూరులో అంతకంటే చిత్రమైన సంగతి ఒకటి జరిగింది, రాద్దామనే కూర్చున్నాను. కానీ అదంతా ఇందాకే నెవెంకకి చెప్పేశాను. ఒకే మాట వెయ్యిసార్లు చెప్పడం నాకు అలవాటే గానీ, ఇది మాత్రం రెండోసారి చెప్పాలనిపించడం లేదు.